చర్చావేదిక, కొలువుల నిచ్చెన

2025 మే 29న అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ట్రూత్ సోషల్‌లో చాంతాడంత పోస్టు ఒకటి పెట్టారు. ఆయన విధించిన సుంకాలు చెల్లవని ముందు రోజే న్యూయార్క్‌లోని అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానం తేల్చింది. తీర్పిచ్చిన ముగ్గురు జడ్జీల్లో ఒకరిని నియమించింది ట్రంపే. అయితే ఆయన కోపం జడ్జీలతో ఆగలేదు. మొదటి విడత పాలనలో తనకు జడ్జీల పేర్లు అందించిన ఫెడరలిస్ట్ సొసైటీ మీద, అందులో ఏళ్ల తరబడి చక్రం తిప్పిన లెనార్డ్ లియో మీద విరుచుకుపడ్డారు. లియోను నీచుడన్నారు, బహుశా అమెరికా అంటేనే గిట్టని మనిషన్నారు. జడ్జీల ఎంపికలో ఆ సంస్థ తనకు తప్పుడు సలహాలు ఇచ్చిందని వాపోయారు.

ఇంతగా తిట్లు తిన్నది ప్రతిపక్షమో, పత్రికో కాదు. 1982లో కొందరు లా విద్యార్థులు పెట్టుకున్న చర్చావేదిక.

1980 ఎన్నికల్లో రొనాల్డ్ రీగన్ ఘనవిజయం సాధించినా ఆ గాలి లా స్కూళ్ల తరగతి గదులకు సోకలేదు. ప్రొఫెసర్లలో అత్యధికులు లిబరల్స్. గర్భస్రావ హక్కును గుర్తించిన 1973 నాటి రో వర్సెస్ వేడ్ తీర్పు తప్పని క్లాసులో లేచి చెప్పే విద్యార్థి ఒంటరివాడయ్యేవాడు. అలాంటి ఒంటరివాళ్లు యేల్‌లోనూ షికాగోలోనూ ఒకరినొకరు వెతుక్కున్నారు. యేల్‌లో స్టీవెన్ కాలబ్రేసీ, షికాగోలో డేవిడ్ మెకింటోష్, లీ లిబర్‌మన్. 1982 ఏప్రిల్‌లో యేల్‌లో వాళ్లు ఫెడరల్ వ్యవస్థ మీద సదస్సు పెట్టారు. అక్కడి ప్రసంగాలను హార్వర్డ్‌లో కన్జర్వేటివ్ విద్యార్థులు నడిపే న్యాయశాస్త్ర పత్రిక అచ్చువేసింది. షికాగో విద్యార్థులకు అండగా నిలిచిన ప్రొఫెసర్ ఆంటొనిన్ స్కాలియా. యేల్ వాళ్లకు రాబర్ట్ బోర్క్. ఐదేళ్లు తిరక్కుండానే స్కాలియా సుప్రీంకోర్టు జస్టిస్ అయ్యారు. ఆ సంఘం అదృష్టం అప్పటి నుంచే మొదలైందనుకోవచ్చు.

సంఘం పెట్టుకున్న సూత్రాలు మూడే. ప్రభుత్వం ఉన్నది స్వేచ్ఛను కాపాడటానికి. అధికారాల విభజన రాజ్యాంగానికి ప్రాణం. చట్టం ఏమిటో చెప్పడమే కోర్టుల పని, ఎలా ఉంటే బాగుంటుందో చెప్పడం కాదు. చిహ్నంగా జేమ్స్ మాడిసన్ ముఖాకృతిని ఎంచుకున్నారు. చదివితే ఇందులో ఎవరూ అభ్యంతరపెట్టేదేమీ కనిపించదు. కిటుకంతా మూడో సూత్రంలో ఉంది. రాజ్యాంగంలోని మాటలకు, అవి రాసిన నాటి జనం ఏ అర్థం చెప్పుకున్నారో అదే నేటికీ అర్థం కావాలన్న వాదం అక్కడి నుంచే పెరిగింది. దానికే ఒరిజినలిజం అని పేరు. 1985లో అటార్నీ జనరల్ ఎడ్విన్ మీస్ అమెరికన్ బార్ అసోసియేషన్ సభలో ఇలాంటి వాదనే వినిపిస్తే, అదే ఏడాది జస్టిస్ విలియం బ్రెనన్ జార్జిటౌన్‌లో దానికి ఘాటుగా బదులిచ్చారు. రెండు వందల ఏళ్ల కిందటి మనుషుల మనసులో ఏముందో ఇప్పుడు కచ్చితంగా చెప్పగలమనుకోవడం అణకువ ముసుగు వేసుకున్న అహంకారమేనన్నది బ్రెనన్ ఆక్షేపణ సారాంశం.

భారత రాజ్యాంగానికీ ఈ తగువుతో చిన్న చుట్టరికం ఉంది. 1947లో రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు అమెరికా వెళ్లినప్పుడు 'డ్యూ ప్రాసెస్' (న్యాయబద్ధ ప్రక్రియ) అనే మాట జోలికి పోవద్దని సూచించింది అక్కడి సుప్రీంకోర్టు జస్టిస్ ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్. మన రాజ్యాంగ నిర్మాతలు ఆ మాటను కావాలనే పక్కన పెట్టారు. 1978లో మేనకా గాంధీ కేసులో మన సుప్రీంకోర్టు దాదాపు అదే రక్షణను 21వ అధికరణంలోకి మళ్లీ తెచ్చింది. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు అదే అధికరణం ఆధారంగా గోప్యత హక్కును ఏకగ్రీవంగా గుర్తించారు. స్కాలియా ఈ తీర్పులు చదివి ఉంటే తల పట్టుకునేవారు. నిర్మాతల మనసులో మాట మన దగ్గర వాదనకు పనికొస్తుంది గానీ తీర్పును శాసించదు.

ఇక సంఘం పని తీరు. ఉదయం తరగతులు ముగిసి మధ్యాహ్నం క్లాసులకు ఇంకా గంట టైముంటుంది. ఒక గదిలో పిజ్జా డబ్బాలో, చికెన్ శాండ్‌విచ్‌లో పేర్చి ఉంటాయి. ఫీజుల అప్పుల్లో మునిగిన విద్యార్థికి ఉచిత భోజనం కంటే బలమైన ఆహ్వానం ఉండదు. ముందు రెండు కుర్చీలు. ఒకదాంట్లో సంఘం ఆహ్వానించిన జడ్జో, న్యాయవాదో. రెండోదాంట్లో ఆయన్ని ఎదుర్కోవడానికి ఆ కాలేజీలోనే పనిచేసే లిబరల్ ప్రొఫెసర్. తుపాకీ హక్కు, మరణశిక్ష, అధ్యక్షుడి అధికారాలు, ఏదైనా సరే. ఒకరు మాట్లాడాక మరొకరు, ఆపైన ప్రశ్నలు. ప్రత్యర్థిని పిలిచి మరీ కూర్చోబెట్టడమే ఈ సంఘం ప్రత్యేకత. వాళ్ల వాదం మీద వాళ్లకు నమ్మకం ఉండేది, పైగా నలుగురి ముందు గెలిచిన వాదానికి విలువ ఎక్కువని తెలుసు. ఈ పద్ధతిని వాళ్లను వ్యతిరేకించేవాళ్లు కూడా మెచ్చుకున్నారు. మెచ్చుకోదగ్గదే కూడా.

ఇంకో కట్టుబాటు ఉంది. సంస్థగా ఫెడరలిస్ట్ సొసైటీ ఏ విషయం మీదా అభిప్రాయం ప్రకటించదు. కోర్టుల్లో కేసులు వేయదు, తీర్మానాలు చేయదు. ఎవరి మాటకు వాళ్లే బాధ్యులు. మొదట్లో చాలా తెలివైన నియమం అది. స్వేచ్ఛా విపణివాదులు, మత సంప్రదాయవాదులు, రాష్ట్రాల హక్కులు కోరేవాళ్లు ఒకే గొడుగు కింద కొట్టుకోకుండా ఉండగలిగింది దాని వల్లే. అదే నియమం తర్వాత చాలామందికి దాక్కోవడానికి చాటైంది.

చర్చలు కనిపించే సగం మాత్రమే. రెండో సగం నిచ్చెన.

అమెరికాలో లా క్లర్క్ కొలువంటే జడ్జి చేతికింద ఏడాది పాటు తీర్పుల ముసాయిదాలు రాయడం, పిటిషన్లు వడపోయడం. సుప్రీంకోర్టులో ఒక్కో జస్టిస్‌కు ఏటా నలుగురే ఉంటారు. ఆ అవకాశం దక్కిన వాడికి పెద్ద లా ఫర్ములు ఎర్ర తివాచీ పరుస్తాయి. రేపు ప్రభుత్వంలో పదవి, ఎల్లుండి జడ్జి కుర్చీ. ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ భార్య, తెలుగు తల్లిదండ్రుల బిడ్డ చిలుకూరి ఉష కూడా ఈ మెట్ల మీదుగానే వచ్చారు. యేల్ లా స్కూల్ తర్వాత అప్పటికి వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టులో ఉన్న బ్రెట్ కవనా దగ్గర, ఆ తర్వాత ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ దగ్గర క్లర్కుగా చేశారు. ఏ కుర్రాడిలో పస ఉంది, ఎవరి భావాలు నికరమైనవి అన్నది కన్జర్వేటివ్ జడ్జీలకు చేరవేసే దారి ఫెడరలిస్ట్ సొసైటీ అయింది. దరఖాస్తులో ఆ సంఘం పేరు కనిపిస్తే చాలు, కొన్ని తలుపులు తెరుచుకునేవి. ఈ లెక్క అందరికంటే బాగా తెలిసినవాడు లియో. 1989లో కార్నెల్ లా స్కూల్లో విద్యార్థి శాఖను స్థాపించింది ఆయనే.

నిచ్చెన వెంటనే పైదాకా అందలేదు. 1987లో బోర్క్ నామినేషన్‌ను సెనెట్ 58-42 ఓట్లతో తిరస్కరించింది. 1990లో పెద్ద బుష్ నియమించిన డేవిడ్ సౌటర్ సుప్రీంకోర్టుకు వెళ్లాక లిబరల్ పక్షాన తేలారు. కన్జర్వేటివ్‌లకు ఆ దెబ్బ మరుపు రాలేదు. 2005లో చిన్న బుష్ తన సొంత న్యాయవాది హేరియట్ మయర్స్‌ను ప్రతిపాదిస్తే సొంత గూటివాళ్లే తిరగబడి విరమింపజేశారు. ఆ స్థానంలో శామ్యూల్ అలీటో వచ్చారు. అదే ఏడాది రాబర్ట్స్ ఆ సంఘం సభ్యుడా కాదా అన్న తమాషా చర్చ ఒకటి నడిచింది. 1997-98 నాటి సంఘ నాయకుల డైరెక్టరీలో ఆయన పేరుంది. చేరినట్టు గుర్తులేదని ఆయన మాట. 2016లో ఎవరూ నమ్మని అభ్యర్థిగా ఉన్న ట్రంప్, సుప్రీంకోర్టుకు తాను ఎంచుకోబోయే పేర్లంటూ జాబితా బయటపెట్టారు. దాని తయారీలో లియో చెయ్యి ఉంది. కన్జర్వేటివ్ ఓటర్లు కుదుటపడ్డారు. జడ్జీల ఎంపికను బయటి సంస్థకు అప్పజెప్పేశారన్న విమర్శకు 2017లో శ్వేతసౌధం న్యాయ సలహాదారు డాన్ మెగాన్ ఆ సంఘం సభలోనే నవ్వుతూ బదులిచ్చారు. తాను లా స్కూలు రోజుల నుంచే సభ్యుణ్ణి గనక పని బయటకు పోలేదు, లోపలికే వచ్చిందన్నారు.

ఫలితం అందరికీ తెలిసిందే. సుప్రీంకోర్టుకు గోర్సచ్, కవనా, బారెట్. 2022 జూన్‌లో రో వర్సెస్ వేడ్ కొట్టివేత, దానికి ముందు రోజు తుపాకీ హక్కు విస్తరణ. 2023లో కాలేజీ సీట్లలో జాతి ప్రాతిపదికకు స్వస్తి. 2024లో నియంత్రణ సంస్థల అధికారానికి కత్తెర. ఒంటరితనం పోగొట్టుకోవడానికి కలిసిన విద్యార్థుల వాదం నలభై ఏళ్లకు దేశ చట్టమైంది. ఇంత దూరం సాగిన విద్యార్థి సంఘం ప్రపంచంలో మరొకటి ఉందా అన్నది అనుమానమే.

లిబరల్స్ ఆలస్యంగా మేలుకున్నారు. 2000 డిసెంబరులో బుష్ వర్సెస్ గోర్ తీర్పు అధ్యక్ష ఎన్నికను తేల్చేశాక, 2001లో జార్జిటౌన్ ప్రొఫెసర్ పీటర్ రూబిన్ చొరవతో అమెరికన్ కాన్‌స్టిట్యూషన్ సొసైటీ పుట్టింది. అచ్చు అదే నమూనా: విద్యార్థి శాఖలు, న్యాయవాదుల శాఖలు, చర్చలు. అయినా దానికి ఆ ఊపు రాలేదు. లా స్కూల్లో లిబరల్ విద్యార్థికి తోడు వెతుక్కోవాల్సిన అవసరమే లేదు. ప్రొఫెసర్లు, వేసవి ఉద్యోగాలు, హక్కుల సంస్థలు అన్నీ చేతికందేలా ఉంటాయి. నిచ్చెన అవసరం ఎదుటి పక్షానికే ఎక్కువ.

మెజారిటీలో ఉన్నవాళ్లకు వినే ఓపిక తగ్గుతుందనడానికి 2023 మార్చి 9న స్టాన్‌ఫర్డ్‌లో జరిగిందే తార్కాణం. ఐదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు జడ్జి కైల్ డంకన్‌ను విద్యార్థి శాఖ ఆహ్వానించింది. స్వలింగ, ట్రాన్స్ హక్కులపై ఆయన వైఖరికి నిరసనగా హాలు నిండా ప్లకార్డులు, కేకలు. జడ్జి కూడా సంయమనం కోల్పోయి విద్యార్థులతో వాగ్వాదానికి దిగారు. సర్దిచెప్పడానికి కాలేజీ అధికారి ఒకరు ముందుకొచ్చి, రాసుకొచ్చిన ప్రసంగం మొదలుపెట్టారు. ఇంత గొడవకు తగ్గ విలువ ఈ ప్రసంగానికి ఉందా అని జడ్జినే ప్రశ్నించారు. జడ్జి ప్రసంగం సాగలేదు. చివరికి ఫెడరల్ మార్షల్స్ ఆయన్ని బయటకు తీసుకెళ్లారు. తర్వాత డీన్ జెన్నీ మార్టినెజ్ పది పేజీల లేఖ రాశారు. నిరసన హక్కు వేరు, ఇతరులు వినకుండా అడ్డుకోవడం వేరని విడమరచి, విద్యార్థులందరికీ వాక్ స్వాతంత్ర్యంపై సగం రోజు శిక్షణ తప్పనిసరి చేశారు. మన విశ్వవిద్యాలయాల పాలకులు ఓసారి చదవదగ్గ లేఖ.

అయితే ఫెడరలిస్ట్ సొసైటీకి అసలు పరీక్ష ప్రత్యర్థుల కేకలతో రాలేదు. సొంత పక్షం గెలిచాక వచ్చింది.

2021 జనవరి 6న కాంగ్రెస్‌లో జరగాల్సిన ఎన్నికల ఓట్ల లెక్కింపును అప్పటి ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ ఆపవచ్చని వాదించిన జాన్ ఈస్ట్‌మన్ ఈ సంఘంలో ఫెడరల్ వ్యవస్థ, అధికారాల విభజనపై ఏర్పడిన విభాగానికి అప్పట్లో అధ్యక్షుడు. ఆ వాదం చెల్లదని పెన్స్‌కు చెప్పిన మాజీ జడ్జి మైకేల్ లుట్టిగ్ కూడా ఆ గూటి మనిషే. ఈస్ట్‌మన్ ఒకప్పుడు లుట్టిగ్ దగ్గర క్లర్కు. గురుశిష్యులు రాజ్యాంగానికి చెరో వైపు నిలబడ్డారు. సంఘం మాత్రం నియమం ప్రకారం ఏమీ అనలేదు. ఆ మౌనం నచ్చకే లుట్టిగ్, న్యాయవాది జార్జ్ కాన్వే తదితరులు 2023లో సొసైటీ ఫర్ ద రూల్ ఆఫ్ లా పేరుతో వేరు కుంపటి పెట్టుకున్నారు.

వ్యవస్థాపకుడు కాలబ్రేసీ సంగతి మరీ ఆసక్తికరం. 2020 జూలైలో ఎన్నికల వాయిదా గురించి ట్రంప్ ట్వీట్ చేస్తే, అది ఫాసిస్టు పోకడ అనీ, అభిశంసించదగ్గదనీ ఆయన న్యూయార్క్ టైమ్స్‌లో రాశారు. 2023లో విలియం బౌడ్, మైకేల్ పాల్సన్ అనే ఇద్దరు ఒరిజినలిస్టు ప్రొఫెసర్లు, రాజ్యాంగ 14వ సవరణలో తిరుగుబాటుదారులను పదవులకు దూరం పెట్టే మూడో సెక్షన్ ప్రకారం ట్రంప్ పోటీకి అనర్హుడని సుదీర్ఘ వ్యాసం వెలువరిస్తే మొదట సమర్థించి, కొద్ది వారాలకే మాట మార్చుకున్నారు. 2025లో సుంకాలకు వ్యతిరేకంగా కోర్టుకు సమర్పించిన వినతిలో మళ్లీ ఆయన సంతకం ఉంది. నిలకడ లేదని ఎవరైనా అనవచ్చు. కానీ సంఘం అనలేని మాట ఆయన అన్నారు.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఈ గొడవ పుస్తకాల చర్చ కాదు. 2025 జనవరి 20న పదవి చేపట్టిన రోజే ట్రంప్ జన్మతః పౌరసత్వంపై ఉత్తర్వు ఇచ్చారు. తల్లి హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేకపోతే అక్కడ పుట్టిన బిడ్డ పౌరుడు కాదని దాని సారం. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి వరుసలో నిలబడిన డల్లాస్, న్యూజెర్సీ దంపతులకు గుండె జారిపోయింది. గడువుకు ముందే కాన్పు చేయించుకోవాలని కొందరు డాక్టర్లను అడిగినట్టు వార్తలొచ్చాయి. మూడో రోజున సియాటిల్‌లో ఆ ఉత్తర్వును నిలిపేసిన జడ్జి జాన్ కాఫెనార్‌ను నియమించింది రీగన్. 83 ఏళ్ల ఆయన, నాలుగు దశాబ్దాల సర్వీసులో ఇంత తేటతెల్లమైన కేసు చూసిన గుర్తు లేదన్నారు.

ఒరిజినలిజానికి ఇంతకంటే సులువైన పరీక్ష ఉండదనిపిస్తుంది. అమెరికాలో పుట్టినవారు పౌరులేనన్న 14వ సవరణ మాటలున్నాయి, దాన్నే నిలబెట్టిన 1898 నాటి వాంగ్ కిమ్ ఆర్క్ తీర్పుంది. స్కాలియా దగ్గర క్లర్కుగా చేసిన మైకేల్ రామ్‌సే, ఒరిజినలిజం ప్రకారమే జన్మతః పౌరసత్వం చెల్లుతుందని 2020లోనే పరిశోధన వ్యాసం రాశారు. కానీ 2025 ఫిబ్రవరిలో అదే బడికి చెందిన ర్యాండీ బార్నెట్, ఇలాన్ వుర్మన్ ట్రంప్ వాదనలోనూ పస ఉండొచ్చంటూ న్యూయార్క్ టైమ్స్‌లో రాశారు. అందరికంటే జేమ్స్ హో ఉదంతం గమనించదగ్గది. తైవాన్‌లో పుట్టి అమెరికా పౌరుడైన హో, అనుమతి లేకుండా వచ్చినవారి పిల్లలకు సైతం ఈ హక్కు ఉందని 2006లో వ్యాసం రాశారు. ఆ తర్వాత ఐదో సర్క్యూట్ జడ్జి అయ్యారు, 2020లో ట్రంప్ సుప్రీంకోర్టు జాబితాలో పేరు చేరింది. 2024 నవంబరులో, ట్రంప్ మళ్లీ గెలిచిన కొద్ది రోజులకే, దండయాత్రగా వచ్చినవారి పిల్లలకు మాత్రం ఇది వర్తించదని ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. చట్టంలో ఆ మినహాయింపు ఉన్న మాట నిజమే. వలసను దండయాత్ర అంటున్నది ఎవరో, అప్పుడే ఆ మాట ఎందుకు గుర్తొచ్చిందో పాఠకులు ఊహించుకోవచ్చు.

ఈ పేర్లన్నీ పక్కపక్కన పెడితే ఒక వరుస కనిపిస్తుంది. గట్టిగా మాట్లాడినవాళ్లలో ఎక్కువమందికి ఎక్కాల్సిన మెట్లు మిగల్లేదు. కాఫెనార్ వృద్ధుడు, లుట్టిగ్ జడ్జి పదవి వదిలేసి ఏళ్లయింది, కాలబ్రేసీ శాశ్వత ప్రొఫెసర్. పై మెట్టు కోసం చూస్తున్నవాళ్లు ఆచితూచి మాట్లాడుతున్నారు. చట్టబద్ధ పాలన గురించి నాలుగు దశాబ్దాలు చర్చించిన సంఘం, తన సభ్యులకు వాదం ఎంత బాగా నేర్పిందో ఆశ కూడా అంత బాగానే నేర్పింది.

లా ఫర్ముల విషయంలోనూ అంతే. 2025 మార్చి నుంచి ట్రంప్ తనకు గిట్టని కేసులు వాదించిన ఫర్ములపై వరుసగా ఉత్తర్వులు జారీచేశారు. పాల్ వైస్ 4 కోట్ల డాలర్ల విలువైన ఉచిత న్యాయసేవకు ఒప్పుకుని బయటపడింది. పర్కిన్స్ కూయి, జెన్నర్ అండ్ బ్లాక్, విల్మర్‌హేల్, సస్‌మన్ గాడ్‌ఫ్రీ కోర్టుకెక్కి నాలుగూ గెలిచాయి. విల్మర్‌హేల్ కేసులో ఆశ్చర్యార్థకాలు గుప్పిస్తూ తీర్పు రాసిన రిచర్డ్ లియోన్‌ను నియమించింది చిన్న బుష్. ఆ ఉత్తర్వులు వస్తున్న రోజుల్లోనే జార్జిటౌన్ లా విద్యార్థులు ఒక పట్టిక తయారుచేశారు. ఏ ఫర్ము లొంగింది, ఏది ఎదిరించింది, ఏది నోరు మెదపలేదు. మొదటి ఏడాదే రెండు లక్షల డాలర్లకు పైగా జీతమిచ్చే ఫర్ముల పేర్లవి. ఉద్యోగం ఇవ్వాల్సినవాళ్ల జాతకాలు ఉద్యోగం కావాల్సినవాళ్లు రాయడం చిన్న సాహసమేం కాదు.

పైన చెప్పిన వరుసకు లొంగని ఉదాహరణ కూడా ఉంది. న్యూయార్క్ దక్షిణ జిల్లా తాత్కాలిక ఫెడరల్ ప్రాసిక్యూటర్ డానియెల్ ససూన్ అప్పటికి నలభై దాటలేదు. యేల్ లా స్కూల్, ఫెడరలిస్ట్ సొసైటీ సభ్యత్వం, స్కాలియా దగ్గర క్లర్కు కొలువు. నిచ్చెన మీద సగంలో ఉన్న మనిషి. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మేయర్ ఎరిక్ ఆడమ్స్‌పై అవినీతి కేసు ఎత్తేయమని న్యాయశాఖ ఆదేశిస్తే, అది రాజకీయ బేరమని ఎనిమిది పేజీల లేఖ రాసి రాజీనామా చేశారు. మర్నాడే సహచర ప్రాసిక్యూటర్ హేగన్ స్కాటెన్ ఇంకా పదునైన లేఖతో తప్పుకున్నారు. ఆయన కూడా ఉషలాగే కవనా, రాబర్ట్స్‌ల దగ్గర పనిచేసినవారే.

కేసు ఎత్తేయమన్న ఆదేశంపై సంతకం అప్పటి న్యాయశాఖ ఉన్నతాధికారి ఎమిల్ బోవ్‌ది. అంతకు ముందు ఆయన ట్రంప్ సొంత డిఫెన్స్ లాయరు. కోర్టు ఆదేశాలను బేఖాతరు చేయాల్సి రావచ్చని ఆయన అన్నారని న్యాయశాఖ మాజీ న్యాయవాది ఒకరు ఫిర్యాదు చేస్తే బోవ్ ఖండించారు. 2025 జూలై 29న సెనెట్ 50-49 ఓట్లతో ఆయన్ని మూడో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టుకు ఖాయం చేసింది. జీవితకాల పదవి. ఆ స్థాయి జడ్జికి మామూలుగా ఏటా నలుగురు క్లర్కులు కావాలి. వాళ్ల దరఖాస్తులు వెళ్లేది మధ్యాహ్నం పిజ్జా తింటూ అధికారాల విభజన గురించి వాదించుకునే ఆ గదుల నుంచే.